రెండు మెట్లదారులూ ఖాళీగా ఉన్నాయి

ఆ వాక్యం నేను ఇంగ్లీషులో రాశాను. తెలుగులో చెప్పుకుంటే ఇంతే: "రెండు మెట్లదారులూ ఖాళీగా ఉన్నాయి." కింద నా సంతకం, పక్కన కంపెనీ ముద్ర. ఉప్పల్ చౌరస్తా దగ్గర, చెప్పుల దుకాణం పైన మొదటి అంతస్తులో ఉండేది మా బీమా కంపెనీ బ్రాంచి. అక్కడ కిటికీ పక్క బల్ల మీద, ఒక మార్చి నెల సాయంత్రం, ఐదు నిమిషాల్లో రాసేశాను.

నేను కెమికల్ ఇంజినీరింగ్ చదివాను. మందుల ఫ్యాక్టరీలో ఉద్యోగం వస్తుందనుకుంటే బీమా కంపెనీలో వచ్చింది. అగ్నిప్రమాద బీమా కావాలన్న ఫ్యాక్టరీలకు వెళ్లడం, అక్కడ నిప్పు అంటుకునే అవకాశం ఎంత ఉందో, అంటుకుంటే ఎంతవరకు పోతుందో చూసి రాయడం నా పని. నాచారం ఇండస్ట్రియల్ ఏరియా అంతా స్కూటీ మీద తిరిగేదాన్ని. ఒక వీధిలో బిస్కట్ల వాసన, మరో వీధిలో ముక్కు మండే రసాయనాల వాసన. గేట్ల దగ్గర వాచ్‌మన్లు నన్ను "ఇన్సూరెన్స్ మేడం" అనేవాళ్లు. కరెంటు వైర్లు ఎలా ఉన్నాయి, మంటలార్పే సిలిండర్ల మీద తేదీ దాటిపోయిందా, ఏ సరుకు ఎక్కడ పెట్టారు, మనుషులు బయటికి రావడానికి ఎన్ని దారులున్నాయి, ఇవన్నీ చూడాలి. మొదట్లో నాకు ఆ పనంటే ఇష్టంగా ఉండేది. ఒకచోట ఇసుక బకెట్లలో ఇసుకకు బదులు బీడీ ముక్కలున్నాయని రాస్తే, ఆ ఓనరు బకెట్లు కడిగించి కొత్త ఇసుక పోయించాడు. ఇంటికి వచ్చి ఆ సంగతి మా ఆయనకు రెండుసార్లు చెప్పాను.

అంతకుముందు ఏ రకం ఫ్యాక్టరీకి ఎంత ప్రీమియం అన్నది పైనుంచే నిర్ణయమై వచ్చేది. ఏ కంపెనీకి వెళ్లినా ఒకటే రేటు. ఆ ఏడాది మొదట్లో ఆ కట్టడి ఎత్తేశారు. ఎవరికి తోచిన రేటు వాళ్లు ఇవ్వొచ్చు. కాకపోతే, తగ్గించి ఇస్తే ఎందుకు తగ్గించారో చూపించడానికి ఫైల్లో ఒక కాగితం ఉండాలి. ఆ కాగితం నా రిపోర్టు. అప్పటిదాకా నా రిపోర్టు ఎవరూ చదివేవాళ్లు కాదు. ఒక్కసారిగా అందరికీ అది కావాల్సి వచ్చింది, అదీ బాగుందని రాసిన రిపోర్టే కావాల్సి వచ్చింది.

ఆ పరుపుల ఫ్యాక్టరీ నాచారంలో ఒక లోపలి వీధిలో ఉండేది. ఓనరు కృష్ణా జిల్లా నుంచి ఇరవయ్యేళ్ల కిందట వచ్చిన మనిషి, మెత్తగా మాట్లాడతాడు. కింద హాల్లో ఫోమ్ దిమ్మెలు మనిషెత్తున పేర్చి ఉండేవి. వేడెక్కిన తీగతో వాటిని పలకలుగా కోసేవాళ్లు. నేను కింద అంతా చూసి, పైకి వెళ్లడానికి మెట్లెక్కుతుంటే ఆయన వెనకనుంచి, "పైన ఏం లేదమ్మా, ఊరికే స్టాకు" అన్నాడు. అయినా ఎక్కాను.

పైన రేకుల కింద పద్నాలుగు మంది ఆడవాళ్లు మిషన్ల మీద పరుపు కవర్లు కుడుతున్నారు. చుట్టూ గుడ్డల కుప్పలు. కిటికీ దగ్గరి మిషన్ మీద నలభై ఏళ్ల మనిషి ఉంది. నన్ను చూసి లేచి, తన సీసాలోంచి నీళ్లు ఇచ్చింది. భువనగిరి దిక్కు నుంచి వచ్చామని, చెంగిచెర్లలో ఉంటున్నామని చెప్పింది. ఆమె పేరు ఇక్కడ రాయను. అప్పుడు అందరూ ఆమెను అక్క అనే పిలుస్తున్నారు, నేనూ అక్క అనే రాస్తాను.

హాలు చివర ఒక ఇనుప తలుపు కనిపించింది. వెనక మెట్లకు దారి అది. తోశాను. బెత్తెడు తెరుచుకుని ఆగిపోయింది. సందులోంచి చూస్తే మెట్ల నిండా చుట్టలు చుట్టిన ఫోమ్.

"అది రాదు మేడం" అంది అక్క. "కింద జాగ లేదని మెట్ల మీద రోల్స్ పెట్టిన్రు."

"మరి ఏమన్నా అయితే ఎట్ల దిగుతరు?"

ఆమె నవ్వింది. "ఏమైతది మేడం? మూడేండ్ల సంది గిట్లనే ఉంది."

మిగతావాళ్లు కూడా నవ్వారు. నేను నా డైరీ తీసి రాసుకున్నాను: పైన పద్నాలుగు మంది, కుట్టు మిషన్లు. వెనక మెట్ల మీద ఫోమ్ రోల్స్, తలుపు తెరుచుకోదు. అక్క నా భుజం మీదుగా తొంగి చూసి, "మా లెక్క గుడ రాసుకుంటున్నరా? మంచిగ రాయున్రి" అంది.

కిందికొచ్చాక ఓనరుతో గట్టిగానే మాట్లాడాను. ఆయన చేతులు జోడించాడు. "మీరు చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజమమ్మా. పక్కన షెడ్డు వేయిస్తున్నాను. రెండు రోజుల్లో ఆ రోల్స్ అన్నీ అందులోకి మార్పించేస్తాను. కావాలంటే మళ్లీ వచ్చి చూసుకోండి." పక్క స్థలంలో నిజంగానే నాలుగు ఇనుప స్తంభాలు పాతి ఉన్నాయి. నాకు ఆ స్తంభాలు చాలనిపించాయి.

ఆఫీసుకు వచ్చి ఉన్నదున్నట్టే రాయడం మొదలుపెట్టాను. మా బ్రాంచి మేనేజరు నా వెనక నిలబడి రెండు వరుసలు చదివాడు. చెడ్డవాడు కాదు. రిటైర్మెంటుకు దగ్గరపడ్డ మనిషి, బ్రాంచి టార్గెట్ పూర్తి కాక ఆ నెలంతా నిద్ర లేనట్టు కనిపించేవాడు.

"గిట్ల రాస్తే ఈ పాలసీ మన దగ్గర ఉంటదా అమ్మా?" అన్నాడు. "పక్క కంపెనీవాళ్లు సూడకుండనే ఇస్తున్నరు. పైన కుట్టుడు పని అని రాస్తే రేటు పెరుగుతది. గోదాం అని రాయి. మెట్ల మీదియి తీస్తా అన్నడు గదా?"

"అన్నడు సార్. రెండు రోజులల్ల తీస్త అన్నడు."

"మరింకేంది. తీసినట్టే అనుకో."

ఎవరూ నా చెయ్యి పట్టుకుని రాయించలేదు. ఆ మాట ముందే చెప్పాలి. ఆయన తన గదిలోకి వెళ్లిపోయాడు. నేను ఒక్కదాన్నే ఉన్నాను. ఉన్నదున్నట్టు రాసి ఉంటే ఏమయ్యేది? ఆయన రెండు రోజులు ముఖం ముడుచుకునేవాడు, అంతే. కానీ నా ముందు ఇంకా పదకొండు ఫైళ్లున్నాయి. అప్పటికే ఐదున్నర దాటింది. బోడుప్పల్‌లో ఇంటికి వెళ్లి పాపను పక్కింటి నుంచి తెచ్చుకోవాలి. కారణాలు వెతికితే ఎన్నైనా దొరుకుతాయి. పై అంతస్తు: తయారైన సరుకు నిల్వ, అక్కడ పని జరగదు. రెండు మెట్లదారులూ ఖాళీగా ఉన్నాయి. ప్రమాదం స్థాయి: తక్కువ.

రెండు రోజుల తర్వాత వెళ్లి చూద్దామనే అనుకున్నాను. వెళ్లలేదు. ఏప్రిల్‌లో రెండుసార్లు ఆ వీధి ముందు నుంచే పోయాను. పక్కకు తిరిగితే చాలు, తిరగలేదు. తిరిగితే మెట్లు అలాగే కనిపిస్తాయని నాకు లోపల తెలుసు కాబట్టే తిరగలేదని ఇప్పుడు అనిపిస్తుంది.

వానలు మొదలైన కొత్తలో, మధ్యాహ్నం భోజనాలయ్యాక ఫోన్ వచ్చింది. మేనేజరు ఫోన్ పెట్టేసి, "పరుపుల ఫ్యాక్టరీ అంటుకున్నదట" అన్నాడు.

నా నోటినుంచి మొదట వచ్చిన మాట, "పైనున్న ఆడోళ్లు?"

ఆయన నా వైపు వింతగా చూశాడు. "పైన ఎవరుంటరు? గోదాం గదా? నువ్వే రాసినవ్."

ఆయన నిజంగానే మరిచిపోయాడో, గుర్తుండే అన్నాడో నాకు ఇప్పటికీ తెలియదు. బాల్కనీలోకి వెళ్లి చూస్తే నాచారం వైపు నల్లటి పొగ లేచి, వాన మబ్బులో కలిసిపోతోంది.

సాయంత్రానికి సంగతులు తెలిశాయి. కింద ఫోమ్ కోసే చోట నిప్పు పుట్టింది. ముందు మెట్లు సరిగ్గా దాని పక్కనే ఉన్నాయి. పైనున్న వాళ్లలో పన్నెండు మంది కొంగులు ముక్కుకు అడ్డం పెట్టుకుని ఆ పొగలోంచే దిగి బయటపడ్డారు. ఇద్దరు వెనక తలుపు దగ్గరికి పరిగెత్తారు. తలుపు రాలేదు. తిరిగి ముందుకు వచ్చేసరికి మెట్లు కనిపించలేదు. ఇద్దరూ కిటికీలోంచి దూకారు. ఒక అమ్మాయి పక్క ఫ్యాక్టరీ కప్పు రేకుల మీద పడి మడమ విరగ్గొట్టుకుంది. అక్క నేల మీద పడింది. తుంటి ఎముక, నడుము దెబ్బతిన్నాయి. ఓనరే ఆమెను చేతుల మీద ఎత్తుకుని ఆటోలో వేసి దవాఖానాకు తీసుకుపోయాడట. ఆ ఎత్తడంలో నడుముకు ఇంకా దెబ్బ తగిలిందని తర్వాత డాక్టర్లు అన్నారు. పాపం, ఆయనకేం తెలుసు.

మా ఆఫీసులో పై ఆఫీసుకు పంపే కాగితం మీద "ప్రాణనష్టం: లేదు" అని రాశారు. అందరూ ఊపిరి పీల్చుకున్నారు. నేనూ పీల్చుకున్నాను.

మర్నాడు సర్వేయరుతో కలిసి వెళ్లాను. నష్టం ఎంతో తేల్చడానికి లైసెన్సున్న బయటి మనిషి వస్తాడు, మా కంపెనీ ఉద్యోగి కాదు. ఆయన పెద్దవాడు, నెమ్మదస్తుడు. తడి బూడిదలో చెప్పులు అంటుకుంటుండగా అంతా తిరిగాడు. వెనక్కి వెళ్లి ఇనుప మెట్ల ముందు ఆగాడు. మెట్ల మీద ఫోమ్ కరిగి, నల్లగా గడ్డకట్టి, మెట్టుకూ మెట్టుకూ మధ్య సందు లేకుండా అతుక్కుని ఉంది. ఆయన చేతికర్రతో దాన్ని పొడిచి చూశాడు. ఫైల్లోంచి నా రిపోర్టు తీసి చదివాడు.

"రెండు మెట్లు ఖాళీ అని రాసినవ్ బిడ్డా. నువ్వు వచ్చిన దినం ఖాళీగనే ఉండెనా?"

పక్కన ఓనరు నిలబడి ఉన్నాడు. కాలిన చేతులకు కట్లున్నాయి. ఆయన నా వైపు చూడలేదు. నేల చూస్తున్నాడు.

"ఉండె సార్" అన్నాను.

సర్వేయరు ఒక్క క్షణం నన్ను చూసి, "తర్వాత పెట్టిన్రన్నట్టు" అని రాసుకున్నాడు. మార్చిలో రాసిన అబద్ధానికి తొందరనీ మేనేజరునీ సాకు చెప్పుకోవచ్చు. దీనికి అదీ లేదు. నా ముందు కాలిన మెట్లున్నాయి. అడిగిన మనిషి బిడ్డా అని అడిగాడు. నిజం చెప్పడానికి ఇంతకన్నా మంచి చోటు దొరకదు. అయినా ఉద్యోగమే గుర్తొచ్చింది.

ఓనరుకు క్లెయిము ఇబ్బంది లేకుండా వచ్చింది. నా రిపోర్టు శుభ్రంగా ఉండటమే దానికి కారణం. ఆయన మిఠాయి డబ్బా పట్టుకుని ఆఫీసుకు వచ్చి అందరికీ పంచాడు. నా బల్ల దగ్గర ఆగి, గొంతు తగ్గించి, "మీ మేలు మర్చిపోనమ్మా" అన్నాడు. నేను ఒక ముక్క తీసుకున్నాను. తిన్నాను కూడా.

అక్కను చూడటానికి దవాఖానాకు వెళ్లలేదు. ఏ వార్డులో ఉందో కనుక్కున్నాను. ఒకసారి గేటు దాకా వెళ్లి, విజిటింగ్ టైము అయిపోయిందని నాకు నేనే చెప్పుకుని తిరిగొచ్చాను. ఇంకా అరగంట ఉంది.

ఏడాది దాటాక ఒక మధ్యాహ్నం ఆమే మా ఆఫీసుకు వచ్చింది. మాకు లిఫ్టు లేదు. చంకలో కర్ర, ఒంట్లో చెమట, మెట్లెక్కి వచ్చి తలుపు దగ్గర గోడకానుకుని ఊపిరి తీసుకుంటోంది. నేను వెంటనే గుర్తుపట్టాను.

ఆమె కూతురు ఎవరి దగ్గరో విని చెప్పిందట, పనివాళ్లకు దెబ్బ తగిలితే బీమా ఉంటుందని. ఉంది. ఆ ఫ్యాక్టరీ పనివాళ్ల పాలసీ కూడా మా దగ్గరే ఉంది. కానీ అందులో కింద పనిచేసే ఎనిమిది మంది మగవాళ్ల పేర్లే ఉన్నాయి. మొదట్లో దవాఖానా ఖర్చులు పెట్టుకున్న ఓనరు కూడా, వకీలు ఏదో చెప్పాక, పైన ఆడవాళ్లు తన పనివాళ్లే కాదనీ, ఎవరో మేస్త్రీ తెచ్చిన మనుషులనీ, అసలు ఆరోజు అక్కడెందుకున్నారో తనకు తెలియదనీ అనడం మొదలుపెట్టాడు.

క్లర్కు ఆమెకు జాబితా చూపించి, పేరు లేదని చెప్పాడు. ఆమె తల తిప్పి చూసింది. నన్ను చూసింది. కర్ర టకటకమంటూ నా బల్ల దగ్గరికి వచ్చింది.

"మేడం, మీరు ఆ దినం పైకొచ్చిన్రు గదా? నేను నీళ్లిచ్చిన. మా లెక్క రాసుకున్నరు మీరు. జర ఈ సారుకు చెప్పున్రి, మేం ఆడ్నే పనిచేస్తుంటిమని."

ఆఫీసంతా నా వైపు చూసింది. గది తలుపు దగ్గర మేనేజరు నిలబడి ఉన్నాడు.

"నేను శానా ఫ్యాక్టరీలకు పోతనమ్మా" అన్నాను. "నాకు యాది లేదు."

ఆమె తిట్టలేదు, ఏడవలేదు. "సరే మేడం" అని వెనక్కి తిరిగింది. ఎక్కడమైతే ఎక్కింది గానీ దిగడం రాలేదు. మెట్ల మీద కూర్చుని, ఒక్కొక్క మెట్టే జరుగుతూ దిగింది. చెప్పుల దుకాణంలో పనిచేసే ఆవిడ వచ్చి చివరి రెండు మెట్లు దించింది. నేను లోపలే నా బల్ల దగ్గర కూర్చుని ఆ చప్పుడు విన్నాను. లేచి వెళ్లి పట్టుకోవచ్చు. లేవలేదు.

ఆ వారం ఇంట్లో అన్నం సహించలేదు. మా ఆయన అడిగితే చెప్పేశాను. ఆయన లేచి కంచాలు తీశాడు. తర్వాత, "ఇంటి లోను ఇంకా మొదలే గదా" అన్నాడు. నేనూ అదే అనుకున్నానని చెప్పాను. అది నిజం. ఇంకో రెండు నెలలు అలాగే గడిచాయి. మనసు ఒక్కసారిగా మారిపోయిందని రాస్తే బాగుంటుంది గానీ, అలా జరగలేదు. ఒక ఆదివారం బీరువా సర్దుతుంటే పాత డైరీల కట్టలో ఆ ఏడాదిది కనిపించింది. ఆ పేజీ తీశాను. నా చేతిరాతే. పైన పద్నాలుగు మంది. అది సంచిలో పెట్టుకుని స్కూటీ తీశాను.

చెంగిచెర్లలో అప్పుడు సగం ఇళ్లు, సగం ఖాళీ ప్లాట్లు. అడుగుతూ పోతే దొరికింది. రెండు గదుల రేకుల ఇల్లు. అక్క మంచం మీద కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తోంది. నన్ను చూసి రమ్మనలేదు, పొమ్మనలేదు. నేను గుమ్మం దగ్గర నిలబడే అంతా చెప్పాను. తలుపు తోసి చూసిన సంగతి, రాసుకున్నది ఒకటి, పాపను తెచ్చుకోవాలన్న తొందరలో రిపోర్టులో రాసింది ఒకటి, సర్వేయరుకు చెప్పింది, చివరికి ఆమెకే యాది లేదన్నది. చెప్తూ చెప్తూ ఏడ్చాను. నాకు తెలియకుండానే క్షమాపణ కోసం ఎదురుచూస్తున్నాను.

ఆమె చేతిలో కాయ పక్కన పెట్టింది.

"అంటే నువ్వు రాసుంటే ఆ తలుపు తెరుచుకుంటుండెనన్నట్టు" అంది. అప్పటిదాకా మీరు అన్న మనిషి నువ్వు అంది.

"తెలువదక్కా. పాలసీ ఇయ్యకపోతే తీస్తుండెనేమో."

"గిది నాకెందుకు చెప్తున్నవ్? నా ముంగట ఏడిస్తే నీ కడుపుల బరువు దిగుతది. నాదేమన్నా దిగుతదా?" ఆమె గొంతు లేవలేదు. "పొద్దున బాత్‌రూమ్‌కు పోవాల్నంటే నా బిడ్డ పట్టుకోవాలె. ఇంటర్ చదువుతున్న పిల్ల, నా కోసం సగం దినాలు కాలేజ్ పోతలేదు. లేబర్ ఆఫీసుల కేసేసినం. ఆడ ఓనర్ వకీలు నన్ను ఎవలో అంటున్నడు. చెప్పేదుంటే ఆడికొచ్చి చెప్పు. నాకు చెప్పకు."

నేను తల ఊపాను. నీళ్లు కూడా అడగకుండా బయటికి వచ్చాను.

లేబర్ ఆఫీసు అంటే పనిలో గాయపడ్డవాళ్ల పరిహారం తేల్చే అధికారి కూర్చునే చోటు. సాక్షిగా వస్తానని అక్క తరఫు వకీలుకు చెప్పడం తేలికే అయింది. ఆ తర్వాతే కష్టం. అవి తెలంగాణ ఉద్యమం నడుస్తున్న రోజులు. ఒకసారి బంద్, ఒకసారి రాస్తారోకో, ఒకసారి అధికారే రాలేదు. తారీకు మీద తారీకు. ప్రతి వాయిదాకూ సెలవు పెట్టి, చీర కట్టుకుని, డైరీ పట్టుకుని వెళ్లేదాన్ని. వాయిదా పడిందనగానే ముందు గుండె తేలికయ్యేది. తర్వాత సిగ్గేసేది. నాకు తేలికైన ప్రతి వాయిదాకూ అక్క ఆటోకు డబ్బులు పెట్టుకుని వచ్చి, బెంచీ మీద ఒక పక్కకు ఒరిగి కూర్చుని, తిరిగి వెళ్లేది.

చివరికి ఒక రోజు నన్ను పిలిచారు. ఓనరు వకీలు ముందు నా రిపోర్టే చదివి వినిపించాడు.

"పైన పని జరగదని రాసింది మీరేనా?"

"నేనే."

"అది నిజమా, అబద్ధమా?"

"అబద్ధం."

"మరి ఇప్పుడు చెప్పేది నిజమని మేమెలా నమ్మాలి?"

డైరీ ఇచ్చాను. అధికారి ఆ పేజీ రెండుసార్లు చదివి, ముందు పేజీ, వెనక పేజీ కూడా తిప్పి చూశాడు. వేరే ఫ్యాక్టరీల రాతలన్నీ అదే సిరాతో, అదే వరసలో ఉన్నాయి. ఓనరు బెంచీ చివర కూర్చుని ఉన్నాడు. చేతుల మీద కాలిన మచ్చలు తెల్లగా మెరుస్తున్నాయి. బయటికి వచ్చాక నా ఎదురుగా నిలబడి, "ఆ రోజే రాసేయాల్సింది కదమ్మా" అన్నాడు. వెటకారం లేదు. "నేనూ భయపడి తీయించేవాణ్ణి. మీరు రాయలేదు కాబట్టి పర్లేదులే అనుకున్నాను." ఆ మాట వకీలు అడిగిన ప్రశ్నలన్నిటికంటే లోతుగా దిగింది. తన తప్పు నా మీదికి నెడుతున్నాడని కోపం తెచ్చుకోవాలని చూశాను. రాలేదు.

అక్కకు పరిహారం ఇవ్వమని ఉత్తర్వు వచ్చింది. ఓనరు కొంత ఒకేసారి, మిగతాది విడతలుగా కట్టాడు. పోయిన నడక తిరిగి రాలేదు. మా కంపెనీ నా మీద విచారణ పెట్టింది. తప్పుడు రిపోర్టు రాసినందుకు రెండు ఇంక్రిమెంట్లు ఆపి, ఇన్‌స్పెక్షన్ పనినుంచి తీసేసి, వేరే ఆఫీసులో ఫైళ్లు సర్దే సీట్లో కూర్చోబెట్టారు. మేనేజరు అప్పటికి రిటైరయ్యాడు. విచారణలో ఆయన పేరు అడిగారు. ఆయన అన్న మాటలు చెప్పాను, రాసింది నేనేనని కూడా చెప్పాను. బంధువుల్లో కొందరు నన్ను పిచ్చిదన్నారు. కొందరు నిజాయితీపరురాలన్నారు. మొదటి మాటే నయమనిపించేది.

ఎందుకంటే ఆ మార్చిలో నేను రాసిన రిపోర్టులు పన్నెండు. ఒప్పుకున్నది ఒక్కటే. మిగతా పదకొండింటిలో నేను పూర్తిగా తిరిగి చూసినవి ఆరో ఏడో. కొన్నిటికి గేటు దాకా వెళ్లి, ఆఫీసు గదిలో చాయ్ తాగి, ఓనరు చెప్పింది రాసుకుని వచ్చాను. సీటు మారాక ఆదివారాలు ఆ ఫ్యాక్టరీలకు వెళ్లడం మొదలుపెట్టాను. నా దగ్గర ఇప్పుడు కంపెనీ కార్డు లేదు. చాలాచోట్ల వాచ్‌మన్లు లోపలికి రానివ్వలేదు. రెండు మూతపడి ఉన్నాయి. ఒక ప్లాస్టిక్ డబ్బాల యూనిట్‌లో మాత్రం పాత సూపర్‌వైజరు నన్ను గుర్తుపట్టి లోపలికి తీసుకుపోయాడు. అక్కడ వెనక తలుపుకు బయటనుంచి తాళం. దొంగతనాలు జరుగుతున్నాయని వేశారట. పరుపుల ఫ్యాక్టరీ సంగతి మొత్తం చెప్పాను, నా పేరుతో సహా. అతను విని, "నాకూ పైనోళ్లున్నరు మేడం, అడిగి సూస్త" అన్నాడు. తర్వాత ఆదివారం వెళ్తే తాళం తీసి గొళ్లెం పెట్టారు, లోపలి నుంచి. మిగతాచోట్ల ఏముందో నాకు తెలియదు. ఏ ఫైరింజన్ నాచారం వైపు పోయినా లెక్కలు వేసుకుంటాను, ఏ వీధిలోకి తిరుగుతుందోనని.

చెంగిచెర్లకు ఇంకోసారి వెళ్లాను, ఉత్తర్వు వచ్చాక. అక్క గడప దాటి రానివ్వలేదు. "నువ్వు జేసేది జేసినవ్. మంచిగుండు. నిన్ను సూస్తే ఆ పొగ యాదికొస్తది. ఇగ రాకు" అంది. మళ్లీ వెళ్లలేదు.

తెలంగాణ వచ్చిన ఆ జూన్‌లో, ఉప్పల్‌లో బస్సు కోసం నిలబడి ఉన్నాను. మెట్రో పిల్లర్ల మధ్య రోడ్డంతా తవ్వి, మట్టి కుప్పలు. గులాబీ రంగు చల్లుకున్న పిల్లలు డప్పులు కొట్టుకుంటూ పోతున్నారు. ఆ గుంపు వెనక అక్క కర్ర పట్టుకుని వచ్చింది. జుట్టు సగం నెరిసింది. భుజానికి బరువైన గుడ్డల సంచి. నన్ను చూసింది. నేను పక్కకు జరిగిపోదామనుకున్నాను గానీ వెనక మట్టి కుప్ప ఉంది. అంతలో బస్సు వచ్చింది. ఫుట్‌బోర్డు ఎత్తుగా ఉంది. కండక్టరు తొందరపెడుతున్నాడు. నేను చెయ్యి చాపాను.

ఆమె చెయ్యి ఇవ్వలేదు. భుజం మీది సంచి తీసి నా చేతిలో పెట్టి, "గిది పట్టు" అంది. కడ్డీ పట్టుకుని, కర్ర ముందు పెట్టి, నిదానంగా తనే ఎక్కింది. ఎక్కాక వంగి సంచి తీసుకుంది. మిషన్ కుట్టుకు వచ్చిన జాకెట్ గుడ్డలనుకుంటా, పైన ఒక ఎర్ర అంచు కనిపించింది.

"నీ బిడ్డ మంచిగ చదువుతుందా?" అని అడిగింది.

"చదువుతుంది అక్కా. మీ బిడ్డ?"

"కొలువు చేస్తుంది" అంది. బస్సు కదిలింది. ఆమె లోపలికి తిరిగి సీటు వెతుక్కుంది. అది నా బస్సే. నేను ఎక్కలేదు.